వెనక సీట్లో రెండేళ్లు

పాత అంబాసిడర్‌ను అమ్మేసి చిన్న ఆటోమేటిక్ కారు కొనుక్కుందామని మావారు మూడేళ్లుగా అడుగుతూ వచ్చారు. ఆయనది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. నడుములో డిస్కు జారింది. పవర్ స్టీరింగ్ లేని ఆ బండిని మా సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి తిప్పేసరికి ఆయనకి ముఖమంతా చెమటలు పట్టేవి. నర్సీపట్నంలో మా ఇంటి ముందున్న జాగాలో రెండు కార్లు పట్టవు. ఒకటి రావాలంటే ఒకటి పోవాలి. ఇందులో ఆలోచించాల్సింది పెద్దగా ఏమీ లేదు. అయినా నేనే నాన్చుతూ వచ్చాను.

ఎందుకు నాన్చుతున్నానో అందరూ తమకు తెలుసనుకునేవారు. అది మా నాన్న కారు. ఆయన పోయి పదేళ్లయింది. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో కార్ల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు అనేవారు: "నాన్నగారి గుర్తని ఇన్నాళ్లు ఉంచుకున్నారు మేడమ్. ఈ రోజుల్లో ఎవరుంచుతారండీ!" నేను తల వంచుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. అది నా వినయం అనుకునేవారు.

వినయం కాదు. ఆ కారు గురించి నేనెప్పుడూ ఎవరికీ పూర్తి నిజం చెప్పలేదు.

ఆ కారు మా నాన్న కొన్నది కాదు. మా చిన్నప్పుడు రోలుగుంట దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. దాన్ని నడిపిన డాక్టరమ్మకి మా నాన్న డ్రైవరు. పద్దెనిమిదేళ్లు ఆ బండి ఆయన చేతిలోనే నడిచింది. ఆసుపత్రి మూతపడినప్పుడు డాక్టరమ్మ తన ఊరికి వెళ్లిపోతూ కారుని మా నాన్న పేరు మీదకి మార్పించి, తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం నాన్న కారు తెచ్చి మా ఇంటి ముందు ఆపి, చాలాసేపు దిగకుండా అందులోనే కూర్చున్నాడు. అమ్మ పిలిస్తే అప్పుడు దిగాడు. అప్పుడు నేను పదో తరగతి.

తర్వాత ఆయన దాన్ని అద్దెకి తిప్పడం మొదలుపెట్టాడు. నెలలు నిండిన ఆడవాళ్లని నర్సీపట్నం ఆసుపత్రికి, పెళ్లివారిని యలమంచిలి స్టేషన్‌కి తీసుకెళ్లేవాడు. ఖాకీ చొక్కా మాత్రం మానలేదు. "అలవాటైపోనాది. ఇంకో సొక్కా ఏసుకుంటే బండి మీద సెయ్యి ఆడదు" అనేవాడు.

నన్ను ఇంటర్‌కి నర్సీపట్నంలో చేర్చాడు. పొద్దున్నే బస్టాండు దగ్గర బేరాలకి ఎలాగూ రావాలి గనక నన్ను కూడా కార్లోనే తెచ్చేవాడు. ఆ రోజుల్లో కారులో దిగే ఆడపిల్ల మా కాలేజీలో ఇంకొకతె లేదు. మొదటి రోజు గేటు దగ్గర దిగగానే ముగ్గురు నలుగురు అమ్మాయిలు నా చుట్టూ మూగారు. వాళ్లలో ఒకమ్మాయి బట్టల కొట్టు వాళ్లది. జడకి రిబ్బన్ల బదులు క్లిప్పు పెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి అడిగింది.

"కారు మీదేనా?"

"మాదే."

"మరి ఆయన?"

నాన్న బానెట్ ఎత్తి రేడియేటర్లో నీళ్లు పోస్తున్నాడు. ఖాకీ చొక్కా వీపు తడిసి ఉంది.

"డ్రైవరు" అన్నాను.

రెండూ నిజాలే. కారు మాదే, ఆయన డ్రైవరే. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి అంత పెద్ద అబద్ధం చెప్పొచ్చని ఆ క్షణం వరకూ నాకు తెలియదు.

ఆయనకి వినపడలేదనుకున్నాను. వాళ్లతో కలిసి నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలుపు.

"అమ్మాయిగారూ!"

తిరిగి చూశాను. నాన్న నా టిఫిన్ బాక్సు పట్టుకుని నిలబడ్డాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. "కేరేజీ మర్సిపోనారండి" అన్నాడు. తీసుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉన్నట్టు కూడా కనపడలేదు. డాక్టరమ్మ దగ్గర పద్దెనిమిదేళ్లు ఎలా నిలబడ్డాడో నా ముందు అలాగే నిలబడ్డాడు.

మర్నాడు కాలేజీకి ముందున్న మలుపు దగ్గర కారు ఆపాడు. దిగి వచ్చి వెనక తలుపు తెరిచాడు.

"ముందు సీటుకి స్ప్రింగు లేసిందమ్మా. ఓణీ సిరిగిపోద్ది. ఎనక్కెల్లి కూకో."

ముందు సీట్లో ఏ స్ప్రింగూ లేవలేదు. నేను అప్పటిదాకా దాని మీదే కూర్చుని వచ్చాను. అయినా ఏమీ అనకుండా దిగి వెనక్కి వెళ్లి కూర్చున్నాను. గేటు దగ్గర ఆయనే దిగి తలుపు తీశాడు. సాయంత్రం వచ్చేటప్పుడు మలుపు దాటాక మళ్లీ ఆపితే, నేను ముందుకొచ్చి ఆ స్ప్రింగు లేచిన సీట్లోనే కూర్చున్నాను.

రెండేళ్లూ అలాగే జరిగింది. మలుపు దగ్గర ఆగడం, నేను సీటు మారడం. ఆ సంగతి గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఇంట్లో అమ్మకి కూడా తెలియదు. రాత్రి భోజనం దగ్గర ఎప్పటిలాగే "ఏటమ్మా, ఏటి సెప్పారు ఇయాల?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. శ్రద్ధగా వినేవాడు.

అబద్ధం ఒకసారి చెబితే సరిపోదు. ఒకరోజు ఆ బట్టల కొట్టు అమ్మాయి, "మీ కారు బస్టాండ్లో అద్దెకి తిరుగుతోందేంటే?" అంది. "మా నాన్న యలమంచిలిలో వ్యాపారం మీద ఉంటారు. ఖాళీగా ఉంటే తిప్పుకోమని డ్రైవర్‌కి చెప్పారు" అన్నాను. నమ్మింది. పైగా "మీ నాన్న మంచోరే" అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత బి.ఏ.లో, బి.ఇడి.లో, ఉద్యోగంలో, చివరికి అత్తవారింట్లో ఎవరడిగినా నాన్న 'బిజినెస్' అనే చెబుతూ వచ్చాను. ఇంటర్‌లో నాతో చదివిన వాళ్లలో ఒక్కరినీ పెళ్లికి పిలవలేదు. మా పెళ్లి చర్చిలో జరిగింది. నాన్న నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాలి. గేటు దగ్గర చూసిన ఖాకీ చొక్కా మనిషిని వాళ్లు గుర్తుపడతారని భయపడ్డాను. శుభలేఖలు పంచేటప్పుడు నాన్న, "నీ కాలేజీ పిల్లలికి ఇయ్యవా?" అని ఒకసారి అడిగాడు. అడ్రసులు లేవన్నాను. "సర్లే" అన్నాడు.

అందుకే ఆ కారుని అమ్మలేకపోయాను, ఉంచుకున్నందుకు సంతోషించనూ లేకపోయాను. అమ్మేస్తే తప్పు చేసిన చోటి నుంచి పారిపోయినట్టు ఉంటుంది. ఉంచుకుంటే, నాన్నని ఎంతో ప్రేమించిన కూతురిలా ఊళ్లో చూపించుకున్నట్టు ఉంటుంది. ఆ కారులో వెళ్లినప్పుడల్లా నేను ముందు సీట్లోనే కూర్చునేదాన్ని. దానివల్ల ఏం బాగుపడిందో నాకే తెలియదు.

పోయిన వేసవిలో మావారు రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేకపోయారు. మూడో రోజు, "ఇంక ఒప్పుకోవా?" అని అడిగారు. ఒప్పుకున్నాను.

విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చారు. పాత కార్లు కొని బాగుచేయించి ఉంచుకుంటారట. నలభై అయిదేళ్లుంటాయి. చాలా మర్యాదస్తుడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. తలుపు వేసి, ఆ చప్పుడు విని, మళ్లీ తెరిచి వేశారు. వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ కాగితాలు చూశారు.

"ఫస్ట్ ఓనర్ డాక్టరమ్మగారు. తర్వాత మీ నాన్నగారు. నాన్నగారు ఏటి సేసేవారండీ?"

పక్కనే మావారు కూర్చుని ఉన్నారు. నాకు యాభై దాటాయి. పిల్లలకి చరిత్ర చెప్పే టీచర్ని.

"బిజినెస్ అండీ" అన్నాను.

నోరు దానంతటదే ఆ మాట అనేసింది. ఆయన తలూపి, వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళతానని చెప్పి వెళ్లారు. నేను కప్పులు తీసుకుని లోపలికి పోయాను. కడిగిన కప్పులే మళ్లీ కడుగుతున్నాను. మావారు నడుము పట్టుకుని నెమ్మదిగా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంకా ఎందుకది?" అన్నారు.

"ఏది?"

"బిజినెస్ అనడం. మీ నాన్న నాతో చెప్పేశారు. పెళ్లికి ముందే."

చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. మావారు నిదానంగా చెప్పారు. సంబంధం ఖాయమైన వారం తర్వాత మా నాన్న ఒక్కడే ఆయన పనిచేసే ఆఫీసుకి వెళ్లాడట. బయట చెట్టు కింద నిలబెట్టి చెప్పాడట: "బాబూ, నాను డ్రైవర్నండి. కారు నా పేరునే ఉంది గానీ నాను సంపాదించింది కాదు, ఇచ్చినారు. మా పాప ఇంకోలాగ సెప్పొచ్చు. ఏటీ అనుకోకండి. దానికి సిన్నప్పట్నుంచీ సిగ్గెక్కువ. మీరు కూడా తెలీనట్టే ఉండండి."

"మరి మీ అమ్మగారికి, మీ వాళ్లకి?"

"అందరికీ తెలుసు. నేనే చెప్పాను. నీ ముందు అనొద్దన్నాను."

పాతికేళ్లకి పైగా మా అత్తవారింట పండగలకి, పెళ్లిళ్లకి కూర్చుని నేను మా నాన్న వ్యాపారం గురించి మాట్లాడాను. ఒకసారి జీడిపిక్కల వ్యాపారం అన్నాను, ఇంకోసారి బెల్లం అన్నాను. వాళ్లు వింటూ, "అలాగా" అంటూ, నాకింకో గారె వడ్డించేవారు. అందరికీ తెలుసు. మా అత్తగారు ఒకసారి మాట మార్చడానికి ఉన్నట్టుండి వానల గురించి ఎత్తుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. నా పరువు కోసం ఇంతమంది కష్టపడ్డారు.

అప్పుడు మావారికి మిగతాది కూడా చెప్పాను. కాలేజీ గేటు, టిఫిన్ బాక్సు, మలుపు, వెనక సీటు. సింకు దగ్గర నిలబడే చెప్పాను, ఆయన వైపు చూడకుండా. పూర్తయ్యాక ఆయన వచ్చి కుళాయి కట్టేశారు.

"అది మాత్రం మీ నాన్న చెప్పలేదు" అన్నారు.

ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు. వెళ్లి పడుకున్నారు. అది సబబే అనిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆ పెద్దమనిషి గేటు దగ్గర ఉన్నారు. కాగితాల మీద సంతకాలు పెట్టకముందే చెప్పాను.

"మొన్న మీకు తప్పు చెప్పానండీ. మా నాన్న బిజినెస్ చేయలేదు. ఈ కారుకి మొదట్నుంచీ ఆయనే డ్రైవరు. డాక్టరమ్మగారే ఇచ్చి వెళ్లారు."

ఇన్నేళ్లలో ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, అది ముందే సెప్పాలి కదండీ! మొదట్నుంచీ ఒకే డ్రైవర్ సేతిలో ఉన్న బండన్నమాట! ఇంకేటి సూసుకోవాలండీ ఇంజను గురించి?" అంటూ వెళ్లి స్టీరింగ్ మీద చెయ్యి వేశారు. "అందుకే, గేరు ఎంత మెత్తగా పడుతోందో!"

నేను జీవితమంతా దాచిపెట్టిన మాట ఆయనకి కారులో అన్నిటికంటే మంచి గుణంగా కనిపించింది. తేలికపడాల్సింది పోయి, ఇంకా కుంగిపోయాను. మా నాన్న పనితనాన్ని ముక్కూముఖం తెలియని మనిషి ఒక్క నిమిషంలో మెచ్చుకున్నాడు. ఆ మాట నాన్న బతికుండగా నేను ఒక్కసారైనా అనలేదు.

కారు వెళ్లిపోయింది. వారం తర్వాత బూడిదరంగు చిన్న కారు వచ్చింది. మావారు నడుం నొప్పి లేకుండా తిప్పుకుంటున్నారు. అమ్మినందుకు నాకు విచారం లేదు. అమ్మాల్సిందే.

విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయికి ఫోన్లో జరిగినదంతా చెప్పాను. నాకు ఒక్కతే కూతురు. తాతయ్య దగ్గర బాగా చేరిక. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అంతా విని, "రెండేళ్లా?" అంది.

"రెండేళ్లు."

"రోజూనా?"

"రోజూ."

"ఒక్కరోజు కూడా నీకు వద్దనాలనిపించలేదా అమ్మా? ఒక్కరోజు?"

చాలాసార్లు అనిపించింది. మలుపు వచ్చేముందు, ఈరోజు దిగకూడదు అనుకున్న రోజులున్నాయి. కారు ఆగగానే దిగేదాన్ని. ఆ మాట దానితో చెప్పాను.

"నేను నీతో ఇప్పుడు మాట్లాడలేను" అని ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు చేయలేదు. నేను చేసినా తీయలేదు. మావారు, "చిన్నపిల్ల, నేను సర్దిచెబుతాలే" అన్నారు. వద్దన్నాను. మా నాన్న సిగ్గనుకుని కప్పిపుచ్చాడు, అత్తవారు మర్యాదకి ఊరుకున్నారు, కారు కొన్నాయన సంబరపడ్డాడు. ఈ విషయంలో నా మీద కోప్పడిన మొదటి మనిషి మా అమ్మాయే. ఆ కోపాన్ని ఎవరూ చల్లార్చకూడదనిపించింది.