దెబ్బ తగలని ఎముక

కమలాపురంలో దూది ఏకే వలి సాహెబ్ భార్య మౌలాబీ. పరుపులు కుట్టడంలో ఆమె చేతికి పేరుండేది. యాభై ఏళ్లు దాటినాక, 1936లో, ఆమెకు నడుము నొప్పి పట్టుకుంది. వంగి కుట్టే పని కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మెల్లగా ముఖం పాలిపోయింది. నాలుగడుగులకే ఆయాసం. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు.

ఒకరోజు బావి దగ్గర బిందె ఎత్తుతుంటే పక్కటెముక పుటుక్కుమంది. అది మానకముందే, పడుకుని పక్కకు ఒత్తిగిలితే భుజం కింద ఎముక విరిగింది. దెబ్బ లేకుండా ఎముకలెట్లా విరుగుతాయి? వలి సాహెబ్ కొడుతున్నాడని వీధంతా అనుకుంది.

ఆ మాట విని ఆమె తమ్ముడు పీరా ప్రొద్దుటూరు నుంచి వచ్చాడు.

"అక్కా, నిజం చెప్పు. బావ చెయ్యి చేసుకున్నాడా?"

"మీ బావ ఒక్కనాడూ నామీద చెయ్యెత్తల్యా."

"భయపడి చెప్తాండావు."

వలి సాహెబ్ తల దించుకుని కూర్చున్నాడు. పీరా అక్కను బండిలో కడప ఆసుపత్రికి తీసుకుపోయాడు. బావను రావద్దన్నాడు. ఆయన బండి వెనకే నడిచి వచ్చాడు.

డాక్టరమ్మ ఏసుమణి మౌలాబీ ఒళ్లంతా చూసింది. ఎక్కడా కమిలిన మచ్చ లేదు. వెన్నుపూసల మీద వేలితో తడితే మాత్రం మౌలాబీ విలవిల్లాడింది. డాక్టరమ్మ ఆమె మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి దీపం మీద పట్టింది. వెచ్చబడగానే అది తెల్లగా చిక్కబడింది. మరిగేసరికి తేటపడింది. చల్లారుతుంటే మళ్లీ తెల్లబడింది. చదువుకునే రోజుల్లో ఒక్కసారే ఆమె ఇట్లాంటిది చూసింది. అనుమానం తీరాలని మౌలాబీని మద్రాసు పంపింది. అక్కడి ఎక్స్‌రేలో మౌలాబీ పుర్రె నిండా గుండ్రటి తూట్లు కనిపించాయి.

వాళ్లు తిరిగొచ్చాక డాక్టరమ్మ ఇద్దరు మగవాళ్లనూ కూర్చోబెట్టి చెప్పింది.

"ఎవరూ కొట్టలేదప్పా. ఎముకల్లోని మూలుగలో పుట్టిన జబ్బు ఇది. లోపల్నుంచే తినేస్తాంది. నెత్తురు తగ్గిందీ, మూత్రపిండాలు చెడిందీ దీనివల్లే. నొప్పి తగ్గించగలను గానీ, జబ్బుకు మందు లేదు."

పీరా బావ చేతులు పట్టుకున్నాడు. "తప్పుగా అనుకుంటి బావా."

"నేను కొట్టిందే నిజమయ్యుంటే బాగుండు. మానిపోయేది," అన్నాడు వలి సాహెబ్.

ఇంటికొచ్చాక మెత్తటి దూది ఏకి ఆమెకు పరుపు చేశాడు. పక్క మార్చేటప్పుడు ఎముక విరగకుండా బావాబామ్మర్దులు దుప్పటి చెరోవైపు పట్టి ఎత్తేవాళ్లు. "కుట్లు వదులుగా ఉండాయి, సూది ఇట్లివ్వండి," అని మౌలాబీ పడుకునే విసుక్కునేది.

మరుసటి వానాకాలంలో ఆమె పోయింది. కొడుతున్నాడని అన్న వీధివాళ్లే జనాజా మోయడానికి ముందుకొచ్చారు. వలి సాహెబ్ పక్కకు జరిగి వాళ్లకు చోటిచ్చాడు.