తూర్పు చెట్లు, పడమటి గాలి

మా ఇంట్లో సముద్రం గురించి అందరికంటే ఎక్కువ తెలిసినదాన్ని నేనే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. నేను సముద్రాన్ని చూసిందే రెండుసార్లు. మొదటిసారి కాలేజీ పిక్నిక్‌కి బందరు వెళ్ళినప్పుడు ఒక చెప్పు అలల్లో కొట్టుకుపోయింది. రెండోసారి పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో వెళ్ళాను. మళ్ళీ చెప్పే పోయింది. మూడోసారి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు.

అయినా సముద్రం నాకు రోజూ కబురు పెడుతుంది. అలలు ఎంత ఎత్తు, గాలి ఎటు, నీళ్ళు ఎంత వేడి అని రంగుల మ్యాపుల్లో చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. వేసుకున్నప్పుడు అది నన్ను 'మీరు మత్స్యకారులా, ఓడల్లో పనిచేసేవారా, ఇతరులా?' అని అడిగింది. ఇతరులమంటే సగం హెచ్చరికలు పంపరేమోనని భయపడి మత్స్యకారులమని నొక్కేశాను. అప్పట్నుంచి 'వేటకు వెళ్ళకండి, పడవలను ఒడ్డుకు చేర్చి గట్టిగా కట్టుకోండి' అని వస్తూ ఉంటుంది. నేనేమో ఆగిరిపల్లి అవతల మామిడితోటలో, చంకలో రెండేళ్ళ పిల్లతో నిలబడి, ఆ మెసేజీని రెండుసార్లు చదువుకుంటాను.

"ఏంటే, పడవ కట్టేశావా?" అంటుంది మా అత్తయ్య, నా ఫోన్ మోగినప్పుడల్లా.

తోట మాది కాదు, కౌలుది. పూత చూసి, కాయ ఎంత నిలుస్తుందో అంచనా కట్టి, ఏడాదికింతని తోట తీసుకోవడం మా వైపు పద్ధతి. మావయ్యగారు పోయాక ఆడమనిషి తోట ఏం చేస్తుందిలే అన్నవాళ్ళందరి ఎదురుగా అత్తయ్య ఆయన చేసిన ఆ తోటే తన పేరు మీద తీసుకుంది. తోట యజమాని నూజివీడులో ఉండే రిటైరైన మాస్టారు. మంచాయనే గానీ, ఈసారి కాయ సరిగా చేతికి రాకపోతే వచ్చే ఏడు తోటని విజయవాడ వ్యాపారికి ఇచ్చేస్తానని ముందే చెప్పేశాడు. అంటే అత్తయ్యకి తోట పోతుంది. తోట పోతే ఆవిడ పగలంతా ఇంట్లో కూర్చుంటుంది. ఆవిడ ఇంట్లో కూర్చోవడమనే విపత్తుకి ఏ యాప్‌లోనూ హెచ్చరిక లేదు.

నవ్వుతున్నాను గానీ, ఆవిడ తోటలో ఉన్నప్పుడే మనిషి. చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి నిలబడితే పదేళ్ళు తగ్గుతుంది. ఇంట్లోకొస్తే నా పప్పులో ఉప్పు వెతుకుతుంది. కాబట్టి తోట నిలబడటం నాకూ అవసరమే.

మామిడికీ సముద్రానికీ ఏం సంబంధమని మా ఆయన మొదట్లో వెక్కిరించేవాడు. ఒకప్పుడు నిజంగానే లేదు. నా చిన్నప్పుడు గుమ్మానికి కట్టిన క్రిస్మస్ స్టార్ దించేసరికి చెట్లకి పూత కమ్మేసేది. మే నెల గాలులు మొదలయ్యేలోపు బంగినపల్లి చాలావరకు దిగిపోయేది. ఇప్పుడు చలి రావాల్సినప్పుడు రాదు. వచ్చాక మంచు పట్టుకుని కూర్చుంటుంది. పూత ఆలస్యంగా, అదీ విడతలు విడతలుగా వస్తుంది. ఒకే చెట్టు మీద ఒక కొమ్మకి అరచేతంత కాయ, పక్క కొమ్మకి పూత. ముత్తాతా మునిమనవడూ ఒకే మంచం మీద పడుకున్నట్టుంటుంది. ఆ ఆలస్యం వల్ల, ఈపాటికి బుట్టల్లో ఉండాల్సిన కాయ మే నెలలో కొమ్మలకి వేలాడుతూ గాలి కోసం ఎదురు చూస్తుంది. అటు సముద్రం కూడా ఏడాదికేడాది వేడెక్కుతోంది. మూకుట్లో నూనె కాగకపోతే గారె అడుగునే ఉంటుంది, కాగితే బుస్సున పొంగుతుంది. తుఫానూ అంతే. నేను చదువుకున్న డిగ్రీ మొత్తంలో ఇంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఈ గారె ఒక్కటే.

అసలు 'గాలి' అన్న మాట కూడా చెట్ల కింద అనకూడదు. కాయ చెట్టు మీద ఉన్నన్నాళ్ళూ 'చుట్టం' అనాలని అత్తయ్య రూలు. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందట. ప్రతి ఆదివారం చర్చికెళ్ళే మనిషికి ఇవేం నమ్మకాలని ఒకసారి అడిగాను. "ప్రభువుకి చెప్పేది ప్రభువుకి చెప్తాను. చుట్టానికి చెప్పేది చుట్టానికి" అంది.

ఈ మే నెలలో ఒకరోజు నా మ్యాపులో బంగాళాఖాతం మధ్య ఎర్రటి మచ్చ పడింది. అల్పపీడనమట. టీవీలో కోటు వేసుకున్న ఒకాయన తన సొంత కొంప మునుగుతున్నట్టు అరుస్తున్నాడు. నా సంగతి చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లోనే పిల్ల గొంతులో టెంక ఇరుక్కుంటుందేమో, ఫ్యాన్ ఊడి పడుతుందేమో, ఒంటి మీద లేచినవి చెమటకాయలేనా లేక ఇంకేమైనానా అని నిద్ర లేని దాన్ని. ఆ మచ్చ చూశాక తిండి కూడా మానేశాను. ఆదివారం ప్రార్థన మనవుల్లో, మోకాళ్ళ నొప్పులకీ డ్రైవింగ్ లైసెన్సులకీ మధ్యలో అల్పపీడనం సంగతి కూడా చేర్పించాను. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, దాన్ని ఉత్తర దిక్కుకి మళ్ళించమని గట్టిగా ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఉత్తరాన ఉన్న చర్చిలో ఇదే సమయానికి దాన్ని ఎటు మళ్ళించమంటున్నారో అనిపించింది గానీ, పైకి అనలేదు.

సోమవారం తోటలో పంచాయితీ పెట్టుకున్నాం. కాయ పక్వానికి రావడానికి ఇంకో వారం పైనే పడుతుంది. ఇప్పుడు కోస్తే గడ్డిలో ముగ్గేసినా తొక్క ముడతలు పడుతుంది, తీపి రాదు. కొయ్యకపోతే, చుట్టం వస్తే, నేల మీద ఏరుకోవడమే.

"నీ సముద్రం ఏమంటోంది?" అంది అత్తయ్య.

నేను ఫోన్ తీసి బాణాల గుర్తులు చూపించాను. "గాలి తూర్పు నుంచి..."

"చుట్టం!"

"చుట్టం తూర్పు నుంచి వస్తుంది అత్తయ్యా. వస్తే."

"వస్తే అంటే?"

"ఇటు తిరిగితే. అటు తిరిగితే రాదు."

మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపులో పనిచేస్తాడు. దేశం నలుమూలల వాతావరణం లారీ డ్రైవర్ల నోటి నుంచి వింటాడు. "ఒంగోలు నుంచి వచ్చిన బండివాడు అక్కడ ఆకు కూడా కదలట్లేదన్నాడు. ఎందుకొచ్చిన కంగారు, వదిలెయ్యండి" అన్నాడు.

"నువ్వు టైర్లలో గాలి చూసుకో" అంది అత్తయ్య, కంగారులో తన రూలు తనే తప్పి. వెంటనే నాలుక్కరుచుకుని చెట్టుకి దణ్ణం పెట్టింది.

చివరికి ఆవిడే తేల్చింది. తూర్పు వైపు వరసలు కోసేద్దాం, పడమటి వరసలు ఉంచేద్దాం. తూర్పు నుంచి వచ్చేది ముందు తూర్పు చెట్లకే తగులుతుంది, వాటి చాటున పడమటి చెట్లు నిలబడతాయి. నా బాణాలకీ ఆవిడ అనుభవానికీ ఇంత చక్కగా పెళ్ళి కుదరడం అదే మొదటిసారి. నాకు గర్వంగా కూడా అనిపించింది.

కోత మొదలైంది. గడకి వల సంచి కట్టిన చిక్కాలతో మనుషులు కాయ దించుతుంటే, నేను పిల్లని పట్టుకుని తోట ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తడమే నా పని. సొన మొహం మీద పడితే పొక్కుతుంది. నా కూతురికి మాత్రం ప్రపంచంలో సొన కారే కాయ తప్ప ఇంకో ఆటవస్తువు దొరకదు.

తూర్పు వరసలు ఖాళీ అయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. అల్పపీడనం ఈశాన్యానికి తిరిగి వెళ్ళిపోతోందట. సాయంత్రానికి సముద్రం మొత్తం నీలం రంగులోకి వచ్చేసింది.

జంక్షన్ నుంచి మా ఆయన ఫోన్. "మీ తుఫాను వెళ్ళిపోయిందటగా. వెళ్ళొస్తానని నీకైనా చెప్పిందా?"

అత్తయ్య బోసిపోయిన తూర్పు చెట్ల వంక చూసింది, గుట్టగా పోసిన ముదరని కాయ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టు మధ్యాహ్నానికి అయిపోతుంది.

ఆ మర్నాడు ఎండ కాదు, ఉడుకు. ఒళ్ళంతా జిగట. మధ్యాహ్నం దాటాక పిల్లతో తోట పాకలో కూర్చున్నాను. రేకు కింద వేడికి పిల్ల గొణుగుతుంటే తడిగుడ్డ వేసి విసురుతున్నాను. ఉన్నట్టుండి కాకులన్నీ ఒకేసారి లేచాయి. వెలుతురు తగ్గింది. నేను వెంటనే ఫోన్ తీసి చూశాను. సముద్రం ప్రశాంతంగా ఉంది. అల కూడా పెద్దగా లేదు.

"ఫోన్లో కాదే, నెత్తి మీద చూడు!" అని బావి దగ్గర నుంచి అత్తయ్య కేక.

తిరిగి చూస్తే రెడ్డిగూడెం వైపు ఆకాశం బొగ్గులా ఉంది. అంటే పడమర. సముద్రం ఉన్న దిక్కు కాదు, మేం వీపు పెట్టుకుని కూర్చున్న దిక్కు. ముందు దుమ్ము వచ్చింది, వెనకే ఈదురుగాలి. పడమటి చెట్లు జుట్టు పట్టుకుని ఊపినట్టు ఊగాయి. రేకు మీద మొదటి కాయ పడింది. నా కూతురు ఏడుపు ఆపి, పైకి చూసి, "డబ్!" అంది. ఇంకోటి. "డబ్!" ఆ తర్వాత దానికి లెక్క అందలేదు, చప్పట్లు కొట్టింది. కాయలు మోసే ప్లాస్టిక్ గంప దాని మీద బోర్లించి, పైన నేను పడుకున్నాను. లోపల్నుంచి కూడా "డబ్, డబ్" అంటూనే ఉంది. పాక పీకి పారేస్తుందా, పిడుగు పడుతుందా, గంప సందుల్లోంచి గాలి ఆడుతుందా లేదా అని నేను అన్నీ ఒకేసారి భయపడ్డాను. అత్తయ్య నెత్తిన ఖాళీ బకెట్ పెట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. బకెట్ మీద కూడా ఒక కాయ పడింది.

ఎక్కువసేపు లేదు. తగ్గాక బయటికి వచ్చి చూస్తే పడమటి వరసల కింద నేల కనపడలేదు. అంతా కాయ. పగిలినవి, సొట్టలు పడ్డవి, కొమ్మతో సహా ఊడినవి. అత్తయ్య ఒక కాయ తీసుకుని చీరకొంగుతో తుడిచి కొరికి, నమిలి ఉమ్మేసింది.

"చుట్టం దొడ్డిదారిన వచ్చాడే" అంది.

తర్వాత అర్థమైంది. వెళ్ళిపోయిన అల్పపీడనం తన తడినంతా మన మీద వదిలి వెళ్ళింది. ఆ తడికి లోపలి ఊళ్ళ ఎండ తోడై ఈ గాలివాన పుట్టింది. సముద్రం ముందు గుమ్మంలో నాకు చెయ్యి ఊపి వెళ్ళి, ఇంటి చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చిందన్నమాట. హెచ్చరిక చెయ్యలేదని అనడానికి కూడా లేదు. పిడుగులు, ఈదురుగాలులు అని మా ఆయన ఫోన్‌కి మధ్యాహ్నమే మెసేజి వచ్చిందట. లోన్ ఆఫర్ అనుకుని తీసేశాడు. మత్స్యకారిణిని కాబట్టి నాకు సముద్రం సంగతులు మాత్రమే వచ్చాయి.

విచిత్రం ఆ తర్వాత జరిగింది. చుట్టుపక్కల తోటల్లో ఎవరూ ఒక్క కాయ కూడా ముందు కొయ్యలేదు. అందరి కాయా నేలపాలైంది. మార్కెట్లో దెబ్బకాయ గుట్టలు పడుంటే అడిగే దిక్కులేదు. చేత్తో కోసిన మా తూర్పు కాయ, ముదరకపోయినా, మచ్చ లేదని లారీవాళ్ళు ఎగబడి తీసుకుపోయారు. రెండు రోజుల్లో ఊరంతా ఒకటే మాట. ఆ కోడలు ముందే చెప్పిందట.

"నేను చెప్పింది తూర్పు అండీ. వచ్చింది పడమర" అని కనీసం నలుగురికి విడమరిచి చెప్పాను.

"ఎటైతే ఏముందమ్మా, వచ్చిందిగా!" అన్నాడు పక్క తోటాయన. "మా రసాలు ఎప్పుడు కొయ్యమంటావు?"

మూడో రోజు మాస్టారు స్కూటరు మీద వచ్చాడు. అత్తయ్యా నేనూ రాలిన కాయని ఒరుగులకి చెక్కు తీస్తున్నాం. ఆయన తోటంతా తిరిగి చూసి, విరిగిన కొమ్మల దగ్గర ఆగి, మా ముందు మడత కుర్చీలో కూర్చున్నాడు. అత్తయ్య కత్తి ఆపలేదు గానీ, చెక్కు మందంగా వస్తోంది. ఆవిడకి భయమేసినప్పుడు అంతే.

"ఏమ్మా, సముద్రాన్ని చూసి కోయించింది నువ్వేనటగా" అన్నాడు నాతో. "మరి వచ్చే ఏడు పూత ఎలా ఉంటుందంటావు?"

అత్తయ్య కాలు నా కాలిని నొక్కింది. బాగుంటుందనమనా, బాగోదనమనా అన్నది నొక్కుడులో తెలియలేదు. బాగుంటుందంటే వ్యాపారికి ఆశ పెరుగుతుంది. బాగోదంటే, మరి తోట మళ్ళీ ఎందుకు అడుగుతున్నారంటాడు మాస్టారు. ఎటు చూసినా తోట జారిపోయే మాటే.

"తెలీదండీ" అన్నాను. "చలి ఎప్పుడొస్తుందో తెలీదు, ఎన్నాళ్ళుంటుందో తెలీదు. సముద్రం ఇలా కాగుతుంటే పూత సంగతి ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. మొన్న కూడా నేను సగమే సరిగ్గా చెప్పాను. అదీ తప్పు దిక్కున."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వ్యాపారిని అడిగితే బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. తోట కూడా చూడకుండానే." కాసేపు చెట్ల వంక చూశాడు. "సరే అమ్మా. పూత పడ్డాకే మాట్లాడుకుందాం. అందాకా కొమ్మలు కొట్టించి, నీళ్ళు మీరే పెట్టుకోండి. వాడికేదో చెప్తాలే."

స్కూటరు రోడ్డెక్కేసరికి అత్తయ్య కత్తి కింద చెక్కు మళ్ళీ పల్చబడింది.

"ఆ తెలీదనేదేదో మొన్న పంచాయితీలోనే అని చావొచ్చుగా?"

"అప్పుడంటే తూర్పు వరసలు కూడా కోసేవాళ్ళం కాదు కదా అత్తయ్యా."

ఆవిడ ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

"అదీ నిజమే" అంది. "పిల్ల నోట్లో ఏదో పెట్టింది, చూడు."