కుడికి గుంజే పికప్

చాయ్ గిలాసలు జర కింద పెట్టుండ్రి. మొన్న గురువారం వర్క్‌షాప్‌ల ఏమైందో చెప్త. గిలాస చేతుల పట్టుకొని వింటే మీద పోసుకుంటరు, మళ్ళ నన్నే తిడ్తరు. ఒక్క ముక్కల చెప్పాలంటే, మా ఓనర్ ముందట నా ఇజ్జత్ మొత్తం తీసి సిమెంట్ నేల మీద పరిచిన. నా చేతులతోనే. సబ్బులతో సహా!

మాది ఏసీలు బిగించే కంపెనీ. నేను డ్రైవర్‌ను. పొద్దుగాల వాడి కబీర్ అనే ఏరియాల ఉన్న మా యార్డుకు పోవుడు, పికప్ తీసుడు, గంగారాంను ఎక్కించుకొని మస్కట్ అంత తిరుగుడు, గిదే నా డ్యూటీ. గంగారాం ఏసీ మెకానిక్కు, నా రూమ్మేటు, మా పక్క ఊరాయన. నేను ఒమాన్ల ఎనిమిదేండ్ల సంది బండి నడుపుతున్న, ఒక్క గీత పడనియ్యలే. అందుకే నాకు జర పొగరు. బండి సప్పుడు విని రోగం చెప్త అని అందరితోని చెప్పుకుంట. నీ గురక నీకే వినవడదు, బండి సప్పుడు ఏం వింటవన్నా అంటడు గంగారాం.

మూడు నెలల కింద బండి కుడికి గుంజుడు మొదలుపెట్టింది. షురూల ఇంతే. స్టీరింగ్ జర ఎడమకు పట్టి ఉంచితే సక్కగనే పోతుండె. బండి పక్కకు పోతున్నదేందని గంగారాం అడిగిండు. రోడ్డు వాలుగ ఉన్నది, వానొస్తే నీళ్ళు పోవాలె గదా అన్న. ఇక్కడ వాన ఎప్పుడొచ్చింది అన్నడు. ఎప్పుడన్న వస్తది గదా అన్న. ఇంకో పదిహేను రోజులకు ఇంకింత గుంజింది. అప్పుడు సముద్రం గాలి కొడుతున్నది అని చెప్పిన. మేము పోతున్నదేమో రెండు గుట్టల నడుమ.

అదే టైంల నా సెలవు ముచ్చట నడుస్తున్నది. పోయిన సెలవుకు పోయి, నా బిడ్డ రెండు నెలల పిల్ల ఉన్నప్పుడు మళ్ళ ఇక్కడికి వచ్చిన. నడుమ ఒకసారి పోవాల్సి ఉండె, నా జాగల వచ్చే డ్రైవర్‌కు వీసా కాలేదని ఆపిండ్రు. నేను రావాలని పిల్లకు ఇంకా పుట్టెంట్రుకలు తీయలే. మా అవ్వ ఫోన్ చేసినప్పుడల్ల ఒక్కటే మాట. సరి ఏడుల తీయరు, మూడో ఏడు దాటితే ఇగ ఐదో ఏడుకే అని. ఆ మూడో ఏడేమో వచ్చే నెల నిండుతది. వీడియో కాల్‌ల చూస్తె పిల్ల మొఖం కనవడది, జుట్టే కనవడ్తది. నన్ను చూసి నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఎరుకే కాదు. ఎట్లన్న పోవాలె, ఏములాడ గుడిల ఆ ఎంట్రుకలు తీయించాలె. నిద్రల గూడ నాకు గదే.

మరి సెలవంటే సామాను. మనకు తెల్వంది కాదు గదా. టికెట్ ఖరారు గాకముందే సామాను ఖరారైతది. మూడు నెలల సంది ప్రతి శుక్రవారం రూవి బజారుకు పోయి ఏదో ఒకటి కొంటున్న. సబ్బులు, పాలపొడి డబ్బాలు, ఆరంజి షర్బత్ పొడి, ఖర్జూరం డబ్బాలు, అక్కకు మిక్సీ, ఎత్తితే నడుము పట్టేసే బ్లాంకెట్లు రెండు. ఇగ మా బామ్మర్దికి డంబెల్స్ కావాల్నట! జగిత్యాల్ల ఇనుము దొరకదారా అని అడిగిన. గల్ఫ్ ఇనుము వేరే ఉంటది బావా అన్నడు. కాదంటె ఎట్ల? పుట్టెంట్రుకలు తీసేటప్పుడు పిల్లను ఒళ్ళె కూసోపెట్టుకునేది మేనమామనే. వాడు అలిగిండంటే నా పెండ్లాం పిల్లను ఇడిసిపెట్టి నాకు చేస్తది గుండు.

ఇదంత యాడ పెట్టాలె? రూమ్‌ల ఆరుగురం ఉంటం. మంచం కింద సూట్‌కేస్ పెడితే చెప్పులు బయట ఇడవాలె. పైగ గంగారాంకు ఎప్పుడు చూసినా సబ్బు అయిపోయే ఉంటది. అందుకే నేనొక తెలివి చేసిన. పికప్ వెనుక బాడీల కుడిదిక్కు ఒక పొడుగు ఇనుప పెట్టె బిగించి ఉన్నది. ఒకప్పుడు దాంట్ల రాగి పైపులు పెడుతుండ్రి, ఇప్పుడు పైపులన్ని స్టోర్ల ఉంటున్నయి. పెట్టె ఖాళీ. తాళంచెవి నా జేబుల. కొన్నదంత కొన్నట్టు తెచ్చి దాంట్ల నింపిన. కంపెనీ బండ్లె సొంత సామాను పెట్టొద్దని రూలు ఉన్నది కాబట్టి గంగారాంకు గూడ చెప్పలే.

చూసిండ్రా, మీరు నవ్వుతున్నరు. బండి కుడికే ఎందుకు గుంజుతున్నదో మీకు చాయ్ చల్లారకముందే తెలిసిపోయింది. బండి సప్పుడు విని రోగం చెప్పేటోనికి మూడు నెలలు తెల్వలే.

ఒకనాడు మా అర్బాబే బండి తీసుకపోయిండు. అర్బాబ్ అంటే మా ఓనర్, ఒమానీ పెద్దమనిషి. కోపం రాదు, గొంతు లేవది, వచ్చీరాని హిందీల మెల్లగ మాట్లాడతడు. తిరిగొచ్చి తాళంచెవి నా చేతుల పెట్టి, బండి నేను చెప్పిన తొవ్వల పోతలేదు, దాని తొవ్వల అది పోతున్నదన్నడు. అప్పటికే నా జాగల కొత్త డ్రైవర్ వచ్చి ఉన్నడు. ఆయన ఒక్క చక్కర్ కొట్టి, ఈ వంకర బండి నేను చేతుల పట్టనని చెప్పిండట. ఇగ అర్బాబ్ ఒక్కటే మాట అన్నడు.

"ముందు బండి సీదా గావాలె. తర్వాతనే సెలవు."

వర్క్‌షాప్‌కు పంపుత అన్నడు. వర్క్‌షాప్‌ల వేస్తే నాలుగు రోజులు అక్కడనే ఉంటది, అంతమంది నడుమ నా పెట్టె గతేంది? వద్దు అర్బాబ్, చిన్న పని, నేనే చేస్త, శుక్రవారం చాలు అన్న. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటరు. నా నోరు ఎన్నడు మంచిగున్నది గనక!

శుక్రవారం గంగారాంను బతిమాలి యార్డుకు తీసుకపోయిన. మొదలు కుడి టైర్లకు గాలి దబాయించి కొట్టించిన. ఒక్క చక్కర్ కొట్టేసరికి గంగారాం తల మూడుసార్లు పైకప్పుకు తాకింది, బండి మాత్రం కుడికే పోయింది. గాలి తీసేసి, ఇది టైర్ల రోగమన్న. ముందటి టైర్లు రెండు ఇప్పి ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చాలె. టైర్ల రోగమే అయితె ఇప్పుడు ఎడమకు గుంజాలె, గిది లెక్క అని గంగారాంకు పాఠం గూడ చెప్పిన. జాకీ పెట్టి ఎడమదిక్కు లేపితే పువ్వు లెక్క లేచింది. కుడిదిక్కు లేపుతుంటే చెమటలు కారినయి. ఈ దిక్కు ఇంత బరువేందిరా అని నేనే అన్న, నా నోటితోనే! జాకీ పాతదైందన్నా అన్నడు గంగారాం. ఔను, పాతదైందన్న.

టైర్లు మారినయి. బండి కుడికే.

ఇగ నాకు పట్టుదల వచ్చింది. బండి సీదా పోతుంటే స్టీరింగ్ వంకరగ ఉంటున్నది గదా, మరి స్టీరింగే సీదా చేస్తె? పాత బండి కాబట్టి స్టీరింగ్ నట్టు ఇప్పి, చక్రం పీకి, జర తిప్పి మళ్ళ బిగించిన. నడిపి చూస్తె స్టీరింగ్ సీదా, బండి సీదా! అయిపోయింది చూడు అని గంగారాం దిక్కు మీసం తిప్పిన. చెయ్యి ఇడువన్నా అన్నడు. ఇడిసిన. బండి కుడికి తిరిగి సక్కగ పోయి యార్డు మూలకున్న చెత్త డబ్బాకు ముద్దు పెట్టింది. బండికి రోగం అట్లనే ఉన్నది, నేను మందు అద్దానికి రాసిన.

మా అవ్వకు ఫోన్ చేస్తె దిష్టి అన్నది. నిమ్మకాయలు తెచ్చి నాలుగు టైర్ల కింద పెట్టి తొక్కించిన. నాలుగు నలిగినయి గని, కుడిదిక్కువి పచ్చడైనయి. అదన్న చూసి బుర్ర వెలగాలె గదా? వెలగలే. ఆ సాయంత్రమే రూవికి పోయి డంబెల్స్ తెచ్చి పెట్టెల వేసిన.

రెండు రోజుల సుట్టీ అయినంక ఆదివారం డ్యూటీకి బండి తీస్తె ఫుట్‌పాత్ ఎక్కుడే తక్కువ. రెండు చేతులతోని ఎడమకు గుంజి పట్టుకుంటే తప్ప రోడ్డు మీద ఉండది. గంగారాం తలుపు పట్టుకొని కూసుండి, ఊకెనే ఒక మాటన్నడు. నువ్వు రూవికి పోయొచ్చినప్పుడల్ల ఎక్కువైతున్నదన్నా అని. నాకు కోపం వచ్చింది. నేను బజారుకు పోతె బండికేం నొప్పిరా అని గట్టిగ అర్సిన. పాపం, తలుపు ఇంకింత గట్టిగ పట్టుకున్నడు. ఆ ఒక్క మాట పట్టుకున్నా నేను బతికిపోదును.

గురువారం నాడు అర్బాబ్ ఇగ నన్ను అడగలే. ఆయనే ముందట కారుల పోయి నన్ను వెనుక రమ్మన్నడు. వాడి కబీర్లనే ఉన్నది వర్క్‌షాప్. మెకానిక్కు ఒక పాకిస్తానీ ముసలాయన, అందరు ఉస్తాద్ అంటరు. మొదలు స్టీరింగ్ చూసి, ఇది ఎవరు పీకిండ్రని అడిగిండు. నేను అటుదిక్కు చూసిన. ఆయన స్టీరింగ్ సరిచేసి, అలైన్‌మెంట్ మిషిన్ మీదికెక్కించి, బ్రేకులు చూసి, టైర్లు చూసి, అన్ని బరాబరే ఉన్నయన్నడు. నాకైతే పానం లేచొచ్చింది. అప్పుడు ఆ ముసలాయన బండి వెనుకకు పోయి, రెండు చేతులు నడుము మీద పెట్టుకొని, ఊకెనే నిలవడి చూసిండు. మనం గోడకు ఫొటో బిగించినంక వంకరున్నదా అని చూస్తం గదా, గట్ల.

"ఈ పెట్టెల ఏమున్నది?" అని అడిగిండు.

"పైపులు" అన్న.

"పైపులు స్టోర్ల ఉంటయి గదా" అన్నడు అర్బాబ్, మెల్లగ.

తాళంచెవి దొరుకుతలేదని చెప్పుదామనుకున్న. చెయ్యేమో అప్పటికే జేబుల దాన్ని పట్టుకొని ఉన్నది. ఇగ తీసిన. ఒక్కొక్కటి దించుకుంట బండి పక్కనే నేల మీద పెట్టిన. సబ్బులు. పాలపొడి. ఖర్జూరం. మిక్సీ. బ్లాంకెట్లు దించనీకె ఇద్దరు సాయం వచ్చిండ్రు. వర్క్‌షాప్‌ల పనంత బంద్ వెట్టి అందరు చుట్టు చేరిండ్రు. ఆఖరికి డంబెల్స్ దించేసరికి పికప్ కుడిదిక్కు కండ్ల ముందటనే లేచింది. ఎవడో చప్పట్లు గూడ కొట్టిండు.

అర్బాబ్ ఒక డంబెల్ రెండు చేతుల్ల లేపి, ఇది ఎవరికని అడిగిండు. బిడ్డ పుట్టెంట్రుకలకు అన్న. ఆయనకు సమజ్ కాలే. ఎంట్రుకలు తీయనీకె ఇనుము ఎందుకన్నడు. ఇగ మొత్తం చెప్పిన. మేనమామ ఒళ్ళె కూసోపెట్టుకునుడు, మూడో ఏడు, ఐదో ఏడు, పిల్ల మొఖం కనవడకపోవుడు, అన్ని. నా హిందీ ఎంతనో మీకు తెలుసు గదా.

"మా దగ్గర ఏడో రోజే తీసేస్తం. మీరు మూడేండ్లు ఆగుతరా?" అన్నడు అర్బాబ్.

"మేం ఆగం అర్బాబ్. సెలవే ఆగింది" అన్న.

నోట్లెకెళ్ళి జారింది. అన్నంక పానం పోయినట్టైంది. రూలు తప్పింది నేను, ఎదురు మాట్లాడింది నేను, ఇగ సెలవు కాదు గదా, కొలువే పోతది అనుకున్న. ఆయన డంబెల్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నడు.

ఉస్తాద్ ఖాళీ బండిని రోడ్డు మీద నడిపి, రెండు చేతులు ఇడిసిపెట్టి చూపెట్టిండు. గీత గీసినట్టు పోయింది. తెచ్చి ఆ సామాను కుప్ప పక్కనే నిలిపిండు. అర్బాబ్ నన్ను చూసి, బండి యార్డుకు తీసుకపో, సామాను తర్వాత వచ్చి తీసుకో అన్నడు. అంతమంది ముందట పోయిన ఇజ్జత్ జరంత వాపస్ వస్తదనుకొని, దర్జాగ ఎక్కి కూసున్న. స్టార్ట్ చేసిన. ముందటికి పోనిచ్చిన.

మూడు నెలల సంది ఎడమకు గుంజి పట్టుకున్న చేతులు గదా. వాటికెవరు చెప్పాలె, బండి బాగైందని? ఎప్పటి లెక్కనే ఎడమకు గుంజినయి. ఎడమదిక్కు ఏమున్నది? నా సామాను! బ్రేక్ తొక్కేలోపట పాలపొడి డబ్బాలు చప్పటైనయి, ఆరంజి పొడి ప్యాకెట్లు పలిగి లేచిన దుమ్ముకు ఏం కనవడలే. ఆ దుమ్ము దిగినంక చూస్తె ఉస్తాద్ తెల్లగడ్డం ఆరంజి రంగుల ఉన్నది. మిక్సీ టైర్ కింద ఉన్నది. డంబెల్స్‌కు మాత్రం ఏం కాలే. మా బామ్మర్ది చెప్పింది నిజమే, గల్ఫ్ ఇనుము వేరేనే ఉన్నది.

నేను బండి దిగలే. ఏం మొఖం పెట్టుకొని దిగాలె? ఉస్తాద్ గడ్డం దులుపుకుంట కిటికీ కాడికొచ్చి, నన్ను ఒకసారి పైకెళ్ళి కిందికి చూసి, అర్బాబ్ దిక్కు తిరిగిండు.

"బండికి ఏ రోగం లేదు. వంకర ఈయన చేతులల్ల ఉన్నది. దానికి నా దగ్గర మిషిన్ లేదు."

అర్బాబ్ నవ్వుడు ఎనిమిదేండ్లల్ల నేను ఒక్కసారి చూడలే. ఆనాడు చూసిన. పొట్ట పట్టుకొని నవ్వి, కండ్లు తుడుచుకొని, ఇసొంటి చేతులతోని ఇంకొక్క రోజు నడిపినా నా బండి దక్కది అని కొత్త డ్రైవర్‌కు అక్కడనే ఫోన్ కొట్టిండు. ఎల్లుండికి నా టికెట్ అయింది. పిల్లకు మూడో ఏడు ఇంకా నిండలే.

గంగారాం ఊర్లకు ఫోన్ చేసి ఏం చెప్పిండో నాకు తెల్వదు గని, మా అవ్వ మాత్రం మంచిగ పనిచేస్తున్నడని సేటు సెలవు ఇచ్చిండట అని అందరికి చెప్పుకుంటున్నది. చెప్పుకోనీ. మూడేండ్లు బండి సీదా నడిపితే దొరకని సెలవు, పది అడుగులు వంకర నడిపితే దొరికిందని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?