ట్రాలీ బాబాయి పక్క గదిలో పేర్చిన బంగారం

ఒక దేశం ఇంకో దేశానికి బంగారం ఇచ్చిందంటే ఓడలూ తుపాకులూ హడావుడీ ఊహించుకుంటాం. అదేం ఉండదు. మా ట్రాలీ బాబాయి నడుం పట్టుకుని వంగి, నాలుగు బంగారు ఇటుకలు ఈ గదిలోంచి తీసి, ట్రాలీ మీద తోసుకెళ్లి ఎదురు గదిలో పెడతాడు. అంతే.

బాబాయి పని పెద్ద బ్యాంకు నేలమాళిగలో. అక్కడ వరసగా ఇనుప జాలీ గదులు, ఒక్కోటీ ఒక్కో దేశానిది. తలుపు మీద నెంబరు బోర్డే తప్ప పేరుండదు. ఏ నెంబరు ఎవరిదో ఆఫీసరుకే తెలుసు. డ్యూటీ దిగేటప్పుడు బాబాయి బట్టలు దులిపించి, బూట్ల అడుగులు బ్రష్షుతో గీకించి మరీ పంపిస్తారు.

"బంగారంలో ఉద్యోగమని చేసుకున్నాను, రవ్వంత పొడైనా ఇంటికి రాలేదు," అని పిన్ని దెప్పుతూ ఉంటుంది.

ఇంకో ఆర్నెల్లలో పింఛను చేతికొస్తుందనగా, బాబాయి కొంప మునిగే పని చేశాడు. ఒక దేశానికి కొత్తగా పదహారో గది ఇచ్చారు. పక్కన పదిహేడు ఇంకో దేశానిది, అదీ ఖాళీయే. బాబాయి సరుకంతా పదిహేడులో పేర్చాడు. ఆఫీసరు ఫోన్లో మాట్లాడుతూనే తాళం వేసి, సీలు కొట్టి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే బాబాయికి వెలిగింది.

"ఒకళ్ల బంగారం ఇంకొకళ్లదైపోయిందే," అన్నాడు పిన్నితో. "దాన్ని చూసుకునేగా వాళ్ల నోట్లు చెల్లేది. ఇక అవి చిత్తుకాగితాలు. నా పింఛను గోవిందా."

"చెప్పకండి. ఎవరు చూడొచ్చారు?"

"నాకు నిద్ర పట్టొద్దూ?"

మర్నాడు వారపు సెలవు. విదేశీ డబ్బు మార్చే కొట్టు ముందు తచ్చాడాడు. ఏ దేశమో తెలీదు కనక అన్ని దేశాల నోట్ల ధరలూ చూశాడు.

"ఏం పెద్దాయనా, కొంటారా, అమ్ముతారా?" అన్నాడు కొట్టతను.

"ఊరికే, క్షేమం కనుక్కుందామని."

సాయంత్రం దాకా ఒక్కటీ కదల్లేదు. ఊరట కలగాల్సింది పోయి బాబాయికి అవమానంగా తోచింది. తన నడుం మీదే లోకంలోని నోట్లన్నీ నిలబడ్డాయనుకుంటే, సరుకు పక్క గదికి పోయినా పట్టించుకున్న నాథుడు లేడు.

ఆ మర్నాడు వెళ్లి ఆఫీసరుకి చెప్పేశాడు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"సీలు విప్పాలంటే ఆ దేశం మనిషొచ్చి నిలబడాలయ్యా. ఎందుకంటాడు. నీతోపాటు నేనూ ఇంటికే."

"ఇంతకీ ఇప్పుడది ఎవరిదండీ?"

"బోర్డు ఎవరిదైతే వాళ్లది."

"ఆ దేశం జనానిది కాదా?"

"జనంలో ఒక్కడైనా వచ్చి చూశాడా? ఉందనుకుంటున్నారు, సరిపోతోంది." ఆఫీసరు గభాల్న లేచాడు. "స్క్రూడ్రైవరుందా నీ దగ్గర?"

సీలుండేది తాళానికి, బోర్డుకి కాదు. బాబాయి పదహారు తీసి పదిహేడు మీదా, పదిహేడు తీసి పదహారు మీదా బిగించాడు. ఇటుక కదల్లేదు, బంగారం మాత్రం సొంతదారు దగ్గరికి చేరిపోయింది.

ఆ తర్వాత ఆ దేశం పెద్దలు తమ బంగారం చూసుకోడానికి వచ్చారట. జాలీలోంచి చూసి తృప్తిగా తలలూపి, పదిహేను పక్కన పదిహేడేమిటని అడిగారట.

"భద్రత కోసం," అన్నాట్ట ఆఫీసరు.

వాళ్లకది తెగ నచ్చి, వెళ్లాక తమ ఖజానాలో కూడా బోర్డులన్నీ కలగాపులగం చేసేశారని బాబాయి చెబుతాడు. నిజమో, కోతలో నాకు తెలీదు. పింఛను మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా పడుతోంది.