వెలిగిందా, జైరాం?

మా తండాలో పండగ రోజు హాతీరాం భోగ్ పెట్టందే ఎవరూ ముద్ద ముట్టరు. హాతీరాం మా నాన్న. లంబాడీలో మేం బా అని పిలుస్తాం. నిప్పుల మీద బెల్లం పాయసం వేసి, నెయ్యి పోసి, మా కులదేవుడు సేవాభాయాను తలచుకోవాలి. మంట దానంతట అదే లేవాలి. ఊదకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. లేచేదాకా అందరూ ఆగాలి; ఎంతకీ లేవకపోతే పెట్టినవాడు ఆ రోజంతా పస్తుండాల్సిందే. ముప్పై ఏళ్లలో బా రెండుసార్లు అలా పస్తున్నాడు. అశ్వారావుపేట అడవి అంచున పోడు కొట్టుకుని బతికిన మనిషికి ఆకలి కొత్త కాదు, దేవుడి దగ్గర దొంగాటే చేతకాదు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది నాటికి బా రెండు కళ్లూ పోయాయి. ఆ శ్రావణంలో భోగ్ పెట్టే గరిటె మా అన్న జైరాం చేతికివ్వాలనుకున్నాడు. అన్నకు కొత్తగూడెంలో గుమాస్తా ఉద్యోగం. ప్యాంటు మడత నలగకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు గానీ భోగ్ ముందు కూర్చోవడం మరిచాడు. "నాలుగింటి బస్సుకు పోవాలె, జల్దీ కానియ్యి బా" అంటూనే దిగాడు. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి బా మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఇది నాతోనే ఆగిపోతదేమో మంగ్లీ" అని నాతో ఒక్కదానితోనే అన్నాడు.

అన్న నెయ్యి పోసేసరికి చినుకులు మొదలయ్యాయి. నిప్పులు చిటపటలాడి పొగ కక్కాయి. పక్కనే బా చేతులు జోడించి కూర్చున్నాడు.

"వెలిగిందా, జైరాం?"

అన్న గడియారం చూసుకున్నాడు. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు ఆకలితో చూస్తున్నారు. తండా పెద్ద బిచ్యా 'అవునను, అవునను' అన్నట్టు తలూపాడు.

"అవ్ బా, వెలిగింది."

బా నేలకు తల ఆనించాడు. ఆయన చెంపల మీద కన్నీళ్లు చూసి నేను ఆగలేకపోయాను.

"అబద్ధం! పొగ తప్ప ఏం లేదు బా!"

బా మెల్లగా లేచి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

"బస్సుకు యాళ్లయితాంది, పో బిడ్డా. గరిటె ఈడ పెట్టి పో."

అన్న మొహం మాడిపోయింది. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది, ఆగింది, వెళ్లిపోయింది. అన్న కదల్లేదు. చొక్కా విప్పి, నిప్పుల మీద వాన పడకుండా రెండు చేతులా చాపి పట్టుకున్నాడు. వీపు మీద నీళ్లు కారుతున్నా దించలేదు. వాడి మీద కోపం పోయి నాకు ఏడుపొచ్చింది.

వాన వెలిశాక బూడిద దులిపి మళ్లీ నెయ్యి పోశాడు. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి జానెడెత్తు మంట లేచింది.

ఒకసారి బొంకిన నోటితో మళ్లీ నమ్మమని అడిగే మొహం అన్నకు లేదు. బా చేయి పట్టుకుని, కింద తన చేయి ఆనించి, మంట దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ సెగ తగిలాక బా వాడి వైపు తిరిగాడు.

"ఇగ మొక్కు చెప్పు. అందరం నీ ఎంబడి అంటం."

తడబడుతూ అన్న మొక్కు ఎత్తుకున్నాడు. వాడి వెంట మొదట పలికింది బా.