భజనలు అని రాసిన క్యాసెట్టు

మొన్న జగిత్యాలలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర నా ఈడువాళ్ళు నలుగురు చేరి సెల్‌ఫోన్లను తిట్టడం మొదలుపెట్టారు. ఫోన్లు వచ్చాక ఇళ్ళు ఆగమయ్యాయట. కోడళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరితో ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదట. వెనకట ఇల్లంటే ఇల్లులా ఉండేదని ఒకాయన పప్పు కలుపుతూ నిట్టూర్చాడు. నాకు ఒళ్ళు మండింది. వెనకట నేనూ ఉన్నాను కదా. మా ఇల్లు ఫోన్లు రాకముందే విడిపోయిందనీ, టేప్‌రికార్డరే విడగొట్టిందనీ, మంచి పనే చేసిందనీ గట్టిగా చెప్పాను.

పక్క బంతిలో కూర్చున్న మా ఆవిడ నా వైపు గుర్రుగా చూసింది. నాకు నోరెక్కువని చుట్టాలందరూ అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కాని ఆ నోరు నాకు పుట్టుకతో రాలేదు. ముప్పై దాటి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక, ఒక్క రోజులో వచ్చింది.

అప్పుడు మేం పెగడపల్లి దగ్గరి ఊళ్ళో ఉండేవాళ్ళం. నక్సలైట్ల రోజులు. పగలు పోలీసు జీపు వచ్చేది, పొద్దుగూకితే అన్నలు వచ్చేవారు. ఎవరేం అడిగినా తెలియదనడమే మా ఊరికి తెలిసిన జవాబు. వార్తలకు రేడియో ఉండేది. మా బాపు, అంటే మా నాన్న, బతికున్నన్నాళ్ళూ సాయంత్రం వార్తలప్పుడు ఇంట్లో పళ్ళెం చప్పుడు కూడా కాకూడదు. పేపరు పొద్దున బస్సుకు చాయ హోటల్‌కి వచ్చేది. ఒకాయన చదివితే పదిమంది వినేవాళ్ళం. ఎక్కడో ఢిల్లీ సంగతులు గొంతెత్తి చదివేవాడు, మా చుట్టుపక్కల సంగతి వచ్చేసరికి మనసులో చదువుకుని పేజీ తిప్పేసేవాడు. ఎందుకు తిప్పావని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నా తమ్ముడు అలాంటివాడు కాదు. ఊళ్ళోకి పాటలు పాడేవాళ్ళు వస్తే వాళ్ళ పక్కన నిలబడి డప్పు కొట్టాడు. చేసింది అంతే. ఠాణాకు మూడుసార్లు పిలిచారు. మూడోసారి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. నెల తిరక్కుండా మస్కట్ పంపించేశాం. అప్పటికి వాడి పెళ్ళయి ఎనిమిది నెలలు. మరదలిది ధర్మపురి వైపు ఒక పల్లె. బడి ముఖం చూడలేదు. నేను ఆమెకు బావను కాబట్టి నా ఎదుట నిలబడేది కాదు, నాతో మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి మా ఆవిడకు చెబితే, ఆవిడ నాకు చెప్పేది. మా ఇళ్ళల్లో అదే మర్యాద.

ఏడాది తర్వాత, కోరుట్లకు సెలవు మీద వచ్చిన ఒకాయన చేత తమ్ముడు టేప్‌రికార్డర్ పంపాడు. రెండు స్పీకర్లు, ఎర్ర మీట. దాంతోపాటు ఒక క్యాసెట్టు. మస్కట్, దుబాయి పోయినవాళ్ళ ఇళ్ళల్లో అప్పుడు ఉత్తరాలంటే క్యాసెట్లే. వాళ్ళు ఒక వైపు మాట్లాడి పంపితే, రెండో వైపు మేం మాట్లాడి తిరిగి పంపాలి. తిరిగి పోయేవాడు దొరికేదాకా క్యాసెట్టు ఇంట్లోనే గూట్లో ఉండేది.

మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. చాప వేసి అందరం కూర్చునేవాళ్ళం. మొదట మా అవ్వ, అంటే మా అమ్మ. తర్వాత నేను. తర్వాత మా ఆవిడ, పిల్లలు. మరదలు అందరికన్నా చివర. ఆమె వంతు రాగానే నేను తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి వెళ్ళిపోవాలి. ఆడవాళ్ళు పెరట్లోకి వెళ్ళాలి. మీటలు తెలిసిన మా బిడ్డ, దానికప్పుడు పదేళ్ళు, ఎర్ర మీట నొక్కి అదీ బయటికి వచ్చేసేది. పావుగంట మా ఇల్లంతా ఆ ఒక్క మనిషిది. ఆ పావుగంట మీద ఆమె నెలలు గడిపేదని అప్పట్లో నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం జీపు మా వాకిట్లో ఆగింది. పాటల క్యాసెట్లు ఊళ్ళల్లో తిరుగుతున్నాయని వెతుకుతున్నారు. గూట్లో ఉన్నవన్నీ తీయించారు. ఒకటి పెట్టి విన్నారు. మా అవ్వ గొంతు విని నవ్వారు. ఏ క్యాసెట్టు ఏదో పైన రాసి పెట్టుకోవాలని, రాయనిది కనబడితే తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు. మస్కట్ ఉత్తరం అని రాస్తే ఏ మస్కట్ అంటారు, ఎవరు పోయారంటారు, తమ్ముడి పేరు మళ్ళీ తవ్వుతారు. ఆ సాయంత్రమే తెల్ల కాగితం ముక్కలు కత్తిరించి అన్నిటి మీదా అతికించి, గుండ్రటి అక్షరాలతో భజనలు అని రాశాను. పైగా ఎంత తెలివైన పని చేశానని మా ఆవిడతో చెప్పుకున్నాను.

నాలుగు రోజులకు హనుమంతుడి గుడిలో భజన క్యాసెట్టు రీలు చుట్టుకుపోయి తెగింది. గుడిలో మైకు చూసుకునే పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. నేను ఇంట్లో లేను. ఆయన గూట్లోకి చూసి, భజనలు అని చదివి, ఒకటి ఇమ్మన్నాడట. అవ్వకు చదువు రాదు. దేవుడి పనికి కాదంటుందా, తన చేత్తోనే తీసి ఇచ్చింది. ఆ క్యాసెట్టు సెలవు మీద వచ్చిన ఇంకొకాయన వచ్చే వారం మస్కట్ తీసుకుపోవాల్సింది.

మర్నాడు శనివారం. తెల్లారుతుండగా కరెంటు వస్తుందని పొలం దగ్గరికి పోయి మోటారు వేశాను. గుడి మైకు గరగరమంది. తర్వాత మా అవ్వ వినబడింది.

"కొడుకా, నేను మీ అవ్వను. మంచిగున్నవా? తిన్నవా?"

ఒక నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులు గట్టున వదిలేసి పరుగెత్తాను. ఊళ్ళోంచి నవ్వులు వినబడుతున్నాయి. అవ్వ అయిపోయింది. నా గొంతు వచ్చింది. ఇక్కడ అందరం క్షేమం, వానలు మంచిగా పడ్డాయి అంటున్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. తర్వాత మా ఆవిడ. తర్వాత మా బిడ్డ, బాబాయికి వినిపించాలని పన్నెండో ఎక్కం మొత్తం చదివింది. పన్నెండు ఏళ్ళు ఎనభై నాలుగు అన్నప్పుడు నేను కాలువ దాటాను. ఎక్కం అయిపోతే వచ్చేది ఎవరో నాకు తెలుసు. మైకు పెట్టిన పెద్దమనిషి దేవుడికి నీళ్ళు తేవడానికి బావికి పోయాడు. ఆపేవాడు లేడు.

"అందరు బయిటికి పోయిండ్రు. ఇగ నా ముచ్చట ఇను" అంది మరదలు. పెళ్ళయి వచ్చాక ఆమె గొంతు అంత బాగా వినడం నాకు అదే మొదటిసారి. "చీరెలు పంపకు. కట్టుకొని ఎవలకు చూపియ్యాలె? వానలు పడ్డయని మీ అన్న చెప్పిండు, ఒక్క సినుకు పడలే. నేను నవ్వినా అత్త ఓర్వది, ఏడ్సినా ఓర్వది. మీ అన్న మంచోడే గని నోరు లేదు. అవ్వ ముంగట పిల్లి లెక్క ఉంటడు. నువ్వు అచ్చినంక మనం వేరు పడుదాం. నువ్వు యాదికొస్తే నాకు బుక్క దిగుతలేదు."

నేను గుడి మెట్ల దగ్గరికి చేరేసరికి పెద్దమనిషి వైరు పీకేశాడు. బోరింగు దగ్గర బిందెలు పట్టుకున్నవాళ్ళందరూ నా వైపు చూస్తున్నారు. ఆయన క్యాసెట్టు నా చేతిలో పెట్టి, భజనలు అని రాసి ఉంది కదా అని నేల చూస్తూ గొణిగాడు. పాపం ఆయన తప్పేముంది?

ఇంటికి వస్తే అవ్వ అరుగు మీద ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. మరదలు ఆ సమయానికి వాకిట్లో సానుపు చల్లి ముగ్గు వేస్తోందట. మైకులో తన గొంతు వినబడగానే చెయ్యి ఆగిందట. వీధిలో వాళ్ళంతా చూస్తుండగా మళ్ళీ వంగి, ముగ్గు పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిందని మా ఆవిడ చెప్పింది. చూశాను. గీత ఎక్కడా వంకర పోలేదు.

మధ్యాహ్నానికి మా మేనమామను పిలిపించారు. ఆయన, అవ్వ కలిసి తీర్పు చెప్పారు. టేప్‌రికార్డర్ పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ఇక నుంచి కాగితం మీద ఉత్తరాలే. అవ్వ చెబితే నేను రాయాలి. కోడలికి ఏమైనా చెప్పాలని ఉంటే అవ్వకు చెప్పాలి. తమ్ముడు రావడానికి ఇంకా రెండేళ్ళుంది. అంటే రెండేళ్ళు ఆ పిల్లకు మొగుడితో ఒక్క మాట ఉండదు. తలుపు చాటున ఆమె చీర అంచు కనబడుతోంది, కదలడం లేదు.

అందరూ నా వైపు చూశారు. నేను పెద్దకొడుకును, నేను తలూపితే అయిపోతుంది. ఎప్పుడూ ఊపేవాణ్ణే. ఆ రోజు మెడ కదల్లేదు. భజనలు అని రాసింది నేను, క్యాసెట్టు ఇచ్చింది అవ్వ, శిక్ష మాత్రం ఏ పాపం ఎరుగని మనిషికి. జీపు ముందు నోరు మూసుకున్నాను, అన్నల ముందు మూసుకున్నాను, హోటల్లో పేజీ తిప్పేస్తే మూసుకున్నాను. అవన్నీ భయంతో, సరే. సొంత ఇంట్లో ఎవరు తుపాకి పట్టుకుని నిలబడ్డారని? గుమ్మంలో మా బిడ్డ నిలబడి నన్నే చూస్తోంది. రేపు దీన్ని ఒక ఇంటికి పంపుతాను, అక్కడ దీని నోటికీ ఇలాగే తాళం వేస్తే అడ్డుకునే మగవాడు ఒక్కడైనా ఉంటాడా అనిపించింది. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే కోపం వచ్చింది.

"పెట్టెకు తాళం పడది" అన్నాను. "రాసింది నేను. ఇచ్చింది నువ్వు. మరదలు తన మొగనితోని మాట్లాడింది. తప్పెవలదో నువ్వే చెప్పు అవ్వా."

"గింత నోరు ఎప్పుడొచ్చిందిరా నీకు?"

"పొద్దుగాల మైకుల ఇన్నప్పటి సంది."

మేనమామ అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అవ్వ పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. నా నోరు మాత్రం మళ్ళీ మూతపడలేదు. దాని వల్ల తిట్లు తిన్నాను, ఒకరిద్దరు చుట్టాలను పోగొట్టుకున్నాను. బాధ లేదు.

ఇప్పుడు మేం కోరుట్లలో కొడుకు దగ్గర ఉంటున్నాం. ఆ ఎక్కం చదివిన బిడ్డ సిరిసిల్లలో ఉంది. రోజూ ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపుతుంది, ఒక్కొక్కటి నాలుగేసిసార్లు వింటాను. మనవడు ఫోను చూస్తూ తింటే నేనే కసురుతాను. ఫోన్లను మోసే మనిషిని కాను. కాని మా కోడలికి ఫోను మోగిందంటే చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్తాను. ఎక్కడికి మామయ్యా అని ఆ పిల్ల నవ్వుతుంది, వాన పడుతోందని మా ఆవిడ కేకలేస్తుంది. తడిస్తే తడుస్తాను. ఆమె ఎవరితో ఏం మాట్లాడుతుందో నాకెందుకు? ఆ సంగతి పెళ్ళిలో పప్పు కలిపినాయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు.

ఆ శనివారం సాయంత్రం సంగతి ఇంకొకటి ఉంది. క్యాసెట్టు మీద కాగితం గోటితో గీకి పారేసి, మస్కట్‌లో ఉన్న మా తమ్ముడికి మా ఇంటి ఉత్తరం అని ఇంటిపేరుతో సహా రాశాను. జీపు వస్తే రానీ అనుకున్నాను. మరదలు ఇంకో నాలుగు మాటలు చెప్పాలనుకుంటోందని మా ఆవిడ వచ్చి చెప్పింది. సరేనని తువ్వాలు తీసుకుని వాకిట్లోకి నడిచాను. ఈసారి మరదలు తలుపు వేయలేదు. టేప్‌రికార్డర్‌ను అవ్వ కూర్చున్న అరుగు మీదికే తెచ్చుకుని, ఎర్ర మీట తనే నొక్కింది. వాకిట్లో నాకు, పక్కనే ఉన్న అవ్వకు, ఎదురింటివాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా మాట్లాడింది.

"మీ అన్నకు నోరు లేదన్న గద. గా మాట వాపస్ తీసుకుంటున్న. వేరు పడే ముచ్చట మాత్రం తీసుకుంటలేను."