పావు మైలు, ఎడమ కాలు

మా అన్న నలభై ఏళ్లు అబిడ్స్‌లో గడియారాలు బాగుచేశాడు. పెళ్లి చేసుకోలేదు. నేను చేసుకుని తిరిగొచ్చాను. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇద్దరమే ఉంటాం. సినిమాకు కూడా పోని ఆ మనిషి యాభై ఎనిమిదో ఏట ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. రెండే తలుపులు. ఎర్రరంగు. పావు మైలు దూరాన్ని పద్నాలుగున్నర సెకండ్లలో దాటుతుందని ఏదో మోటారు పత్రికలో చదివాడట.

“గీ సందులనా?” అన్నాను.

“సందుల గాదు చెల్లె. ఖాళీ రోడ్డు మీద. ఒక్కసారి.”

ఆ ఒక్కసారి రాకముందే చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు మళ్లీ రాదనీ దవాఖానలో చెప్పారు. చెప్పిన డాక్టరుతో అరగంట వాదించాను. నరం నా మాట వినలేదు.

అలా కారు నా చేతికొచ్చింది. కోఠిలో కాలేజీలో పాఠాలు చెబుతాను. పొద్దున అన్నను అబిడ్స్‌లో దుకాణం దగ్గర దింపి నేను కోఠికి పోయేదాన్ని. పని చేయలేకపోయినా దుకాణంలో కూర్చోకపోతే ఆయనకు తోచదు. రెండేళ్లు తోలాను. రెండో గేరు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెద్ద పోస్టాఫీసు దగ్గర ముందు బస్సు మూరెడు కదిలితే మనమూ మూరెడు కదలాలి. లేకపోతే ఆ మూరెడులో ఒక ఆటో దూరుతుంది. అందుకే ఇక్కడ బండి తోలేవాళ్లందరి ఎడమ కాలూ క్లచ్ మీదే కాపురం ఉంటుంది, సగం నొక్కి, సగం వదిలి.

“కాలు తియ్యి చెల్లె. క్లచ్ కాలిపోతది.”

“ముంగట బస్సున్నది. నీకు కనబడ్తలేదు.”

ఆ మాట అనకుండా ఉండవలసింది. అన్నాను. ఒక్కసారి కాదు, రోజూ అన్నాను.

మొన్న చలికాలంలో ఎవరో చెప్పారు, ఊరి బయట వాడకం లేని పాత రన్‌వే మీద ఏడాదికొకసారి కార్ల పందెం పెడతారని. ఇద్దరిద్దరు పక్కపక్కన నిలబడి పావు మైలు ఉరకడం. ఎవరు గెలిచినా సరే, ప్రతి బండికి పట్టిన సెకండ్లు చీటీ మీద రాసిస్తారు.

“నాకు ఎరుపు ఒక్కటి ఇంకా కనబడ్తది,” అన్నాడు అన్న. “వచ్చే ఏడు అదిగూడ ఉండది. ఒక్కపారి ఉరికించు. చూస్త.”

నా వయసు చెప్పాను, నడుము నొప్పి చెప్పాను, నవ్వే జనం సంగతి చెప్పాను. మూడు రోజులు వాదించి, ఒప్పుకున్నాను.

అక్కడున్న కార్లలో సగం కంపెనీవాళ్లు చూస్తే గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. పేర్లు రాసుకునే ఆయన కళ్లద్దాలలోంచి నన్ను చూశాడు.

“ఆంటీ, ఎవర్ని దింపనీకి వచ్చిన్రు?”

“నిన్నే. ఎక్కు.”

“ఇంజన్‌ల ఏమన్న మార్చిన్రా?”

“సీటు కవర్లు మార్చినం.”

హెల్మెట్ పెట్టి నన్ను గీత దగ్గర నిలబెట్టారు. అన్న కంచె పట్టుకుని నిలబడ్డాడు. పచ్చలైటు పడింది. ఎక్సలేటరు తొక్కాను. ఇంజన్ గోల పెట్టింది, కారు మాత్రం నింపాదిగా బయలుదేరింది. పక్క కారు అప్పుడే చిన్నదైపోయింది. రెండో గేరు, మూడో గేరు వేశాను. గోల పెరిగింది, వేగం పెరగలేదు. కాలిన వాసన లోపలికొచ్చింది. అప్పుడు కిందికి చూశాను. ఎదురుగా రోడ్డంతా ఖాళీ, ఒక్క బస్సు లేదు, నా ఎడమ కాలు మాత్రం క్లచ్ మీదే సగం నొక్కి ఉంది. తీసేశాను. తీసినా బండికి పట్టు దొరకలేదు. రెండేళ్లలో అరిగింది అరగగా, మిగిలిందేదో ఆ పావు మైలులో కాలిపోయింది.

చీటీ మీద ఇరవై ఒకటి పైచిలుకు ఉంది. దాన్ని మడిచి అన్న దగ్గరికి పోయాను.

“ఎంతొచ్చింది?”

తప్పు జవాబుకు అర మార్కు కూడా వేయనిదాన్ని. అయినా “పదిహేను, జర అటిటు” అన్నాను.

“ఇరవై ఒకటి దాటింది,” అన్నాడు. “లెక్కవెట్టిన. సెకండ్ల మీద బతికినోన్ని చెల్లె, నాకు చెప్తవా?”

“ఎరుపన్న కనబడ్డదా?” అన్నాను.

“కనబడ్డది. చానసేపు కనబడ్డది.”

కోపంతో అన్నా బాగుండేది. ఇంకోసారి పోదామని కారెక్కి స్టార్ట్ చేశాను. గేరు పడింది, చక్రం కదల్లేదు. తాడు కట్టి లాగించుకుని వచ్చాం.

“క్లచ్ ప్లేటు బొగ్గయింది మేడం. కొత్తది ఎయ్యాల్నా?” అన్నాడు నాంపల్లి మెకానిక్కు.

నేను అవునంటుంటే అన్న అడ్డుపడ్డాడు. “ఎందుకు? ఎవరు చూడాలె?”

ప్లేటు వేయించలేదు. కారు సందులో కవరు కింద ఉంది. ఈ మధ్య అన్న దాని పక్కనుంచి నడిచేటప్పుడు అటు తల తిప్పడం లేదు.

ఇప్పుడు ఇద్దరం ఆటోలో పోతున్నాం. పోస్టాఫీసు దగ్గర బండ్లు ఆగినప్పుడు నా ఎడమ కాలు ఆటో రేకును సగం నొక్కి ఉంటుంది. పక్కనున్న అన్న మోకాలికి అది తగులుతూనే ఉంటుంది. తియ్యమని అనడు.